మమ్మల్నెవులు ఎత్తుకుపోనారంట?

మా అమ్మ విమానం ఎక్కడానికి కారణం చోళ్లు. రాగుల్ని మా వైపు చోళ్లంటాం. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో నాన్నకి కొంత పల్లం, కొంత మెట్ట ఉన్నాయి. పల్లంలో వరి సంగతి నాన్న చూసుకుంటాడు. మెట్ట మాత్రం అమ్మ చేతిలోనే ఉంటుంది. చుట్టుపక్కల అందరూ మొక్కజొన్నకి మారిపోయినా అమ్మ చోళ్లూ, గంటెలనే సజ్జలూ వేయడం మానలేదు. ఎందుకని అడిగితే "మొక్కజొన్నతోన అంబలి కాస్తావేటి?" అనేది. ఈమధ్య ఆ గింజలకి పట్నాల్లో గిరాకీ పెరిగింది. ఉత్తరాదిన ఒక పెద్ద నగరంలో చిరుధాన్యాల ప్రదర్శన జరుగుతుంటే మా మండలం నుంచి కొందరు ఆడవాళ్లని పంపిస్తూ అమ్మని కూడా చేర్చారు. తోడుగా పిన్ని వెళ్లింది. పిన్నంటే మా చిన్నాన్న భార్య, ఇల్లు మా పక్కనే. పోవడం రైల్లో, రావడం విమానంలో.

నేను రాజాంలో ఉంటాను. మా ఆయనా నేనూ కలిసి మందుల షాపు నడుపుతున్నాం. తమ్ముడు అమ్మానాన్నల దగ్గరే ఉండి, చీపురుపల్లిలో ట్రాక్టర్ల సామాన్ల షాపు చూసుకుంటాడు.

తిరిగొచ్చే రోజు పొద్దెక్కాక అమ్మ ఫోన్ చేసింది.

"ఇమానంలో కూకున్నామే. నాకు కిటికీ కాడ వచ్చినాది. పిన్ని నా పక్కనే. ఇంకా కదలక ముందే కళ్లు మూసీసినాది."

"భయమేస్తోందా అమ్మా?"

"భయమెందుకే? బస్సులాగే ఉన్నాది. కాకపోతే నిలబడ్డోలు నేరు."

నాకు నవ్వొచ్చింది. దిగాక ఫోన్ చేయమని చెప్పి నా పనిలో పడ్డాను. భోజనం వేళ మా ఆయన ఇంటికి వెళ్లాడు, షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎదురుగా టిఫిన్ల హోటలు ఉంది. దాని యజమాని రోడ్డు దాటి మా మెట్ల దాకా వచ్చి నిలబడ్డాడు. మందు కావాలేమో అనుకున్నాను.

"అమ్మా, మీ అమ్మగారు ఇవాళ ఇమానంలో వస్తన్నారని పొద్దున్న సెప్పినారు కదా. ఏ ఊరి నుంచి?"

చెప్పాను. ఆయన భుజం మీద తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"ఒక్కసారి వచ్చి టీవీ సూడండి."

హోటల్లో తింటున్నవాళ్లు నాకు దారిచ్చారు. తెర నిండా ఎర్రటి అక్షరాలు. 'విమానం హైజాక్?' అని ఉంది. కింద పరుగెడుతున్న లైన్లో ఆ నగరం పేరు, మా వైపు ఎయిర్‌పోర్టు పేరు. చూపిస్తున్న విమానం మాత్రం ఎక్కడో మబ్బుల్లో ఎగురుతోంది, ఏ పాత బొమ్మో. నేను ఆ ప్రశ్నార్థకం వైపే చూస్తూ నిలబడ్డాను. అది ఉన్నంతసేపూ ఫరవాలేదని ఎందుకో అనిపించింది. కాసేపటికి దాన్ని తీసేశారు.

అమ్మకి ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు. మళ్లీ చేశాను.

"ఏటే?" అంది, చేలో పనిలో ఉండగా పిలిస్తే పలికినట్టు.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? ఇమానంలోనే."

"గాల్లోనా?"

"గాల్లో ఉంటే ఫోనెలాగ ఎత్తుతానే? ఇంకా లేవనేదు. అలాగ కొంత దూరం నడిపించి ఎవులూ నేని సోట ఆపీసినారు. సల్లగాలి కూడా ఆపీసినారు. ఉడికిపోతన్నాం."

"ఎందుకాపారట?"

"ఏదో సెప్పినారు. మొదల హిందీలోన, తరవాత ఇంగ్లీషులోన. నాకేటి తెలుస్తాది?"

లోపల అందరూ ఎలా ఉన్నారని అడిగాను. ఇంకెలా అడగాలో నాకు తెలియలేదు.

"ఎలాగుంటారు? కాయితాలతోన ఇసురుకుంటన్నారు. బయట మట్టుకు జీపులు వచ్చి నిలబడ్డాయి. తుపాకులోలు దిగినారు. ఎవులో పెద్ద మంత్రి ఎక్కుతాడు గావాల. ఆడి కోసమే మమ్మల్ని ఆపీసుంటారు."

మాట నోటిదాకా వచ్చింది. అమ్మా, మంత్రి కాదు, మిమ్మల్ని ఎవరో పట్టుకున్నారట అనాలి. అనలేకపోయాను. నీళ్లు తాగుతూ ఉండు అని మాత్రం అన్నాను. "తాగితే బాత్రూముకి ఎల్లాల, అక్కడికి ఎలాగెల్తారో నాకు తెలీదు" అంది అమ్మ.

ఫోన్ పెట్టీ పెట్టగానే తమ్ముడు చేశాడు. అక్కని మా వైపు అప్ప అంటాం.

"అప్పా, టీవీ సూసావా? నేను అమ్మతోన మాట్లాడాను. బాగున్నానంది."

"నాతో కూడా బాగానే మాట్లాడింది రా."

"అదే కదా! అమ్మ ఎప్పుడైనా బాగున్నానంటాదా? మోకాలు నొప్పంటాది, నడుం పట్టీసిందంటాది. ఇవాళ ఏటడిగినా బాగున్నాను, బాగున్నాను అంటంది. ఇంకో మాట కూడా అన్నాది. నల్లదానికి కుడితి ఎట్టినారేటి అనడిగింది."

నల్లదంటే మా గేదె. దాన్ని కిందటేడే అమ్మేశాం. కొన్నవాళ్లకి తాడు విప్పి చేతికిచ్చింది అమ్మే.

"ఎవుడో పక్కన కూకుని మాట్లాడిస్తన్నాడు అప్పా. మనకి తెలియాలనే అమ్మ అలాగ తప్పు మాటన్నాది."

ఇప్పుడు తలుచుకుంటే అది ఎంత అర్థంలేని ఆలోచనో తెలుస్తుంది. మా అమ్మకి అబద్ధం కూడా సరిగా ఆడడం రాదు, గుర్తులు పెట్టి మాట్లాడడం ఎక్కడొస్తుంది? కానీ ఆ క్షణంలో తమ్ముడి మాట నాకు ఎంతో సబబుగా తోచింది. అమ్మ అన్న ప్రతి మాటా తిరగేసి చూసుకున్నాను. ఎవులూ నేని సోట అంది. ఉడికిపోతన్నాం అంది. మంత్రి అంది. మంత్రి అంటే ఎవరు?

మా ఆయన వచ్చాడు. షాపు షట్టరు దించి బండి మీద మా ఊరికి బయల్దేరాం. రాజాం దాటాక చెరుకు లారీల వెనక పడ్డాం. దుమ్ములో ఫోన్ చెవికి పెట్టుకుని అమ్మకి చేస్తూనే ఉన్నాను. లైను కలవడం లేదు. మా ఆయన వెనక్కి తిరగకుండానే గట్టిగా చెప్పాడు.

"కలిసినా సెప్పకు. తెలిసి ఏటి సేస్తాది? కంగారు పడతాది."

సరే అన్నాను. కొంత దూరం పోయాక మళ్లీ ఆయనే అన్నాడు.

"సెప్పీయాల. తెలీకపోతే మరీ ప్రమాదం కదా. తెలీక లేచి నిలబడితే?"

దానికీ సరే అన్నాను. ఊరు వచ్చేదాకా అలా మనసు మార్చుకుంటూనే ఉన్నాడు. ఆయన ఏం చెబితే అదే నాకు నిజమనిపించింది.

మా ఇంటి ముందు జనం చేరిపోయారు. పిన్ని వాళ్ల వైపు ఆడవాళ్లు అప్పటికే ఏడుపు మొదలుపెట్టారు. నాన్న వసారాలో మంచం మీద బనీనుతో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ఎవరో లోకల్ చానెల్ మనిషి మైకు పట్టుకుని లైవ్ ఇస్తున్నాడు.

"మీ భార్యతో ఆఖరిసారి ఏం మాట్లాడారండీ?"

"ఆఖరిసారేటి బాబూ? పొద్దున్నే మాట్లాడినాను."

"ఏమన్నారు?"

"దొండపాదుకి నీళ్లు పోయమన్నాది."

"పోశారా?"

నాన్న ఆ మైకు వైపు చూశాడు. "నేదు" అన్నాడు. అని, ఒక్కసారిగా ఏడ్చేశాడు. నాన్న ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. తమ్ముడు ఆ మైకు మనిషిని చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకుపోయాడు.

కాసేపటికి నా ఫోన్ మోగింది. అమ్మ. అందరూ మూగారు. స్పీకర్లో పెట్టాను.

"ఒసే, మమ్మల్నెవులో ఎత్తుకుపోనారంట కదే? టీవీలో సెప్తన్నారంట. ఇక్కడ అందరి ఫోన్లూ మోగిపోతన్నాయి. ఎవులే ఆళ్లు?"

ఏం చెప్పాలి? విమానంలో ఉన్నది ఆవిడ. చీపురుపల్లి దగ్గర మా వాకిట్లో నిలబడి ఉన్నది నేను.

"నీకెవరూ కనిపించట్లేదా అమ్మా?"

"ఎవులూ లెగనేదే. అందరం ఒకల మొకం ఒకలం సూసుకుంటన్నాం. ఎవుడో అర్థం కావట్నేదు. నన్ను కూడా అలాగే సూస్తన్నారు. అక్కడ అమ్మగా మిగిలిన మూట నా ఒళ్లో ఉన్నాది, దాని మీదే అందరి సూపూను. సోళ్లే బాబూ, సోళ్లే అని ఇప్పి సూపించినాను. అయినా ఎనక సీటాయన లేచి దూరంగా పోయి కూకున్నాడు."

"అక్కడి అమ్మాయిలు ఏమంటున్నారు?"

"ఏటీ నేదు, కూకోండి అని సేత్తోన సూపిస్తన్నారు. పాపం, అందులోన ఒక పిల్ల మంచినీళ్లు ఇచ్చినాది, సగం ఒలికిపోనాది." ఉన్నట్టుండి మాట మార్చింది. "అవునే, మీ నాన్న బనీనుతోన టీవీలో కనిపించినాడంట కదా. పిన్ని కొడుకు ఫోటో పంపించినాడు. సొక్కా తొడుక్కోమని సెప్పినోలు నేరేటి ఆ ఇంట్లోన?"

అంతమందిలో ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుస్తూనే. తమ్ముడు ఫోన్ మీదికి వంగాడు.

"అమ్మా, ఇందాక నల్లదాని గురించి ఎందుకడిగావు?"

"ఏ నల్లది?"

"గేదె!"

"అమ్మీసినాం కదరా. బుర్ర గాని పోనాదేటి నీకు?"

తమ్ముడు మా అందరి మొహాల్లోకీ చూశాడు. అడిగింది, అడిగింది అని గొణుక్కున్నాడు. ఇప్పుడు ఏ మాట నమ్మాలో వాడికి తెలియడం లేదు. నాకూ తెలియడం లేదు.

అమ్మ గొంతు తగ్గించింది.

"అమ్మీ, నిజం సెప్పు. నీకేటి తెలుసు?"

"నాకేమీ తెలీదమ్మా. టీవీలో చూసిందే."

"సదువుకున్నావు కదే."

"తెలీదమ్మా."

"అయితే మరి ఎవులికి తెలుసు?"

విమానంలో ఎవరో పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. తర్వాత అమ్మ మామూలు గొంతుతో పనులు చెప్పడం మొదలుపెట్టింది. అటక మీద కుండలో విత్తనం ఉంది, తడి తగలకుండా చూడమంది. పిన్ని కోడలికి నెలలు నిండుతున్నాయి, ఆసుపత్రికి నన్ను దగ్గరుండి తీసుకెళ్లమంది. చెప్పినవాటికల్లా ఊఁ కొడుతున్నాను. ఇవి ఎందుకు చెబుతోందో అందరికీ తెలుసు. అయినా ఎవరం ఆపలేదు.

ఉన్నట్టుండి ఫోన్లో పెద్ద చప్పుడు. తలుపేదో విసురుగా తెరిచినట్టు. బూట్ల చప్పుళ్లు. మగ గొంతులు హిందీలో అరుస్తున్నాయి. ఆ పసిపిల్ల ఏడుపు ఎక్కువైంది.

"సేతులెత్తమంటన్నారు గావాల" అంది అమ్మ, మాతో కాదు. "ఒసే, లెగు, సేతులెత్తు, ఒసే..." పిన్నిని లేపుతోందని అర్థమైంది. అప్పటిదాకా పిన్ని పడుకునే ఉందన్నమాట. తర్వాత అమ్మ గొంతు చాలా దగ్గరగా, చాలా సన్నగా, అమ్మవారిని పిలుస్తూ వినిపించింది. "తల్లీ, పైడితల్లీ, తల్లీ." ఫోన్ ఎక్కడో పడింది. గరగరమని ఏదో రాసుకుంది. లైను తెగిపోయింది.

విమానంలోకి వచ్చినవాళ్లు పోలీసులా, ఆ పట్టుకున్నవాళ్లేనా? నేను ఆ అరుపుల్లో మాటల్ని గుర్తు చేసుకోవాలని చూశాను. 'నీచే' అన్నట్టు వినిపించింది. కిందకి అనడానికి అలా అంటారని తెలుసు. కిందకి దిగమనా, కింద పడుకోమనా? మా ఆయన తనకి అలా వినిపించలేదన్నాడు. తమ్ముడు తుపాకీ పేలిందన్నాడు. లేదు, అది తలుపు చప్పుడన్నాను. ఒకే ఫోన్ చుట్టూ నిలబడి విన్నాం. తలా ఒకటి విన్నాం.

నాన్న మంచం మీంచి లేచాడు. ఎవరితోనూ మాట్లాడకుండా నూతి దగ్గరికి పోయి బకెట్టు నింపి, దొండపాదు మొదట్లో నీళ్లు పోశాడు. మళ్లీ వెళ్లి ఇంకో బకెట్టు తెచ్చాడు. పాదు నిండి నీళ్లు గట్టు దాటి పారుతున్నా పోస్తూనే ఉన్నాడు.

టీవీలో కూడా చాలాసేపు ఏమీ తెలియలేదు. ప్రయాణికులందరూ క్షేమం అని మొదట ఒక చానెల్లో వచ్చింది. పక్క చానెల్లో ఇంకా హైజాకే నడుస్తోంది. తమ్ముడు రిమోట్ నొక్కుతూ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతున్నాడు. అమ్మ ఒక దాంట్లో బతికి ఉంది. ఇంకోదాంట్లో ఏమైందో తెలియదు. చివరికి ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"దింపీసినారే" అంది అమ్మ. "పెద్ద గదిలోన కూకోబెట్టినారు. పూరీలు ఇచ్చినారు. సల్లారిపోయున్నాయి."

స్పీకర్లో పెట్టి ఫోన్ నాన్న చేతికిచ్చాను.

విమానంలో మళ్లీ ఎక్కమంటే మా మండలం ఆడవాళ్లెవరూ ఒప్పుకోలేదు. రైలెక్కించి పంపించారు. విజయనగరం స్టేషన్‌కి నేనూ తమ్ముడూ వెళ్లాం. రైలు దిగిన అమ్మ ఊరికి పోయి వచ్చినట్టే ఉంది. మూట చంకలో ఉంది. నన్ను చూసి ముందు అడిగిన మాట, షాపు ఎవరు చూస్తున్నారని. ఆటోలో కూర్చున్నాక మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు ఇల్లు చేరేదాకా వదల్లేదు. లోపల ఏం జరిగిందని తమ్ముడు అడిగాడు.

"ఏటీ జరగనేదురా. నల్లబట్టలోలు వచ్చినారు, మా మీద తుపాకులు ఎట్టినారు, సీట్ల కిందల సూసినారు, దింపీసినారు. అంతే."

"మరి హైజాకర్లు?"

"నేరు."

ఊళ్లో ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు అమ్మ చెప్పింది విని, ఇంకా ఏదో ఉందన్నట్టు కాసేపు కూర్చుని, పిన్ని ఇంటికి పోయేవాళ్లు. పిన్ని దగ్గర చెప్పడానికి చాలా ఉంది. మొదటి రోజు, ముందు వరుసలో ఒకడి చూపు తేడాగా ఉందని చెప్పింది. తర్వాత వాడు మొహానికి గుడ్డ కట్టుకున్నాడంది. వారం తిరిగేసరికి వాళ్లు ఇద్దరయ్యారు. ఒకడు అమ్మ మూట మీద చెయ్యి కూడా వేశాడట. పిన్నికి అబద్ధాలాడే అలవాటు లేదు. చెబుతున్నప్పుడు ఆవిడ ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడడం నేను చూశాను.

అసలేం జరిగిందో తెలుసుకోవాలని నేనూ ప్రయత్నించాను. పైలట్ల దగ్గర ఉండే అపాయ సంకేతం ఏదో పొరపాటున వెళ్లిందని ఒక పేపర్లో రాశారు. ఎవరో ప్రయాణికుడు ఫోన్లో ఆ మాట అన్నాడని ఇంకో పేపర్లో వచ్చింది. అదంతా ముందే అనుకుని చేసిన పరీక్ష అని మా షాపుకి వచ్చే ఒకాయన ఎంతో నమ్మకంగా చెప్పాడు. తర్వాత పేపర్లు వేరే సంగతులు రాసుకున్నాయి.

కొన్నాళ్లకి అమ్మ బీపీ మాత్రల కోసం రాజాం వచ్చింది. షాపులో స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లని చూస్తూ ఉంది. కాస్త ఖాళీ దొరికినప్పుడు అడిగింది.

"పిన్ని సెప్తన్నది నిజమేమోనే?"

"ఆవిడ నిద్రపోతోందని నువ్వే కదా అన్నావు?"

"ఆళ్లు వచ్చినప్పుడు నాను కళ్లు మూసీసుకున్నాను. అప్పుడు అది తెరిసిందేమో. నాకు కనపడనిది దానికి కనపడిందేమో."

పేపర్లో రాసింది చెప్పాను. పొరపాటున ఏదో సంకేతం పోయిందని, లోపల దొంగలెవరూ లేరని. అమ్మ శ్రద్ధగా విన్నది.

"అయితే ఎవులూ ఎత్తుకుపోనేదా?"

"లేదమ్మా."

"మరి నాను అటక మీద ఇత్తనం సంగతి కాడికి సెప్పీసినాను కదే, మీకు. అన్నీ ఒప్పజెప్పీసినాను కదా." అంటూ నా వైపు చూసింది. కోపంగా లేదు. నిజంగా అడుగుతోంది. "అదంతా ఏటికి?"

ఇంతలో ఎవరో దగ్గు మందు కోసం వచ్చారు. ఇచ్చి పంపాను. తిరిగి చూసేసరికి అమ్మ మాత్రల సంచి సర్దుకుని లేచి నిలబడింది. బస్సుకి వేళయిందట.

ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్ దాకా తీసుకెళ్లాను. అమ్మ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ముందు సీట్లో మనిషి సంచి పైన పెట్టడానికి లేచాడు. అతను మళ్లీ కూర్చునేదాకా అమ్మ కళ్లు అతని మీదే ఉన్నాయి. తర్వాత కిటికీలోంచి వంగింది.

"ఈ బస్సు ఎక్కడికెల్తాదో ఒకసారి అడుగే."

ముందు బోర్డు మీద చీపురుపల్లి అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది. అయినా వెళ్లి అడిగాను. "చీపురుపల్లేనమ్మా" అన్నాడు కండక్టరు. వచ్చి అమ్మకి చెప్పాను. సరే అన్నట్టు తలూపింది. బస్సు కదిలి కాంప్లెక్స్ మలుపు తిరిగేదాకా నేనక్కడే నిలబడి, అది ఎటు తిరుగుతుందో చూశాను.